ఫైర్‌వాచ్ నచ్చింది, డియర్ ఎస్తర్‌కు నిద్రొచ్చింది: తప్పు నాదేనా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. ఆటోనగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పటి నుంచి గేమ్స్ అంటే పిచ్చి. రాత్రయితే మా గ్యాంగ్ అంతా ఫోన్‌లో ఆడే గన్ గేమ్ బీజీఎంఐలో కలుస్తాం. ఈమధ్య సేల్‌లో ఫైర్‌వాచ్ అనే గేమ్ కొన్నాను. కాల్చడం, కొట్టుకోవడం ఏమీ లేవు. అడవిలో నడుస్తూ వాకీటాకీలో మాట్లాడుకోవడమే. అయినా రెండు రాత్రులు నిద్ర మానుకుని పూర్తి చేశాను. అయిపోయాక చాలాసేపు మనసు మనసులో లేదు. ఆ ఊపులో అలాంటిదే అని డియర్ ఎస్తర్ కొన్నాను. అరగంటకే నిద్ర ముంచుకొచ్చింది. అందరూ దాన్ని గొప్ప గేమ్ అంటారు. నాకు ఎక్కకపోవడం నా లోపమా? మా ఫ్రెండ్స్ అయితే ‘గన్ లేదు, గెలుపు లేదు, రెండు గంటల్లో అయిపోయేదానికి డబ్బులు తగలేశావు, అసలది గేమే కాదు’ అని బెంజి సర్కిల్ దగ్గర టీకి కలిసినప్పుడల్లా ఏడిపిస్తున్నారు. వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదు. ఇంటర్ చదివే మా తమ్ముడికి ఫైర్‌వాచ్ చూపిస్తే పది నిమిషాల్లో లేచిపోయాడు. వాడికి ఏది చూపిస్తే బాగుంటుంది? (పేరు వద్దు, విజయవాడ)

జవాబు: మీ లోపం ఏమీ లేదు. ముందు ఈ మాట చెప్పేయాలి. మీ ఉత్తరంలో మిగతా ప్రశ్నలన్నిటి వెనకా ఈ టెన్షనే కనిపిస్తోంది. ఫైర్‌వాచ్ మిమ్మల్ని రెండు రాత్రులు కూర్చోబెట్టింది, డియర్ ఎస్తర్ అరగంటకే జోకొట్టింది. రెండూ మీకు జరిగినవే, రెండూ నిజమే. ఒకటి నచ్చినవాళ్లకి రెండోదీ నచ్చి తీరాలన్న రూలేమీ లేదు. నెమ్మదిగా కథ చెప్పే గేములన్నిటినీ వాకింగ్ సిమ్యులేటర్లని ఒకే గాటన కట్టేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ గాటన ఉన్నవాటిలో ఒకదానికొకటి పొంతన లేనివి బోలెడున్నాయి.

మీకు నచ్చినదాంట్లో మీ చేత ఏమేం చేయించారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1989 వేసవి, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, షొషోనీ అడవి. మీరు హెన్రీ. ఎక్కడైనా మంట లేస్తోందేమో టవర్ మీద నుంచి కనిపెట్టి ఉండే ఉద్యోగం. వాకీటాకీలో అవతల డెలైలా గొంతు. ఆమె ఏదైనా అడిగితే తెర మీద రెండు మూడు జవాబులు వస్తాయి, వాటికి టైమ్ తరిగిపోతూ ఉంటుంది. ఏదీ నొక్కకుండా ఊరుకున్నారనుకోండి, గేమ్ మీ కోసం ఆగదు. మీరు మాట్లాడదలచుకోలేదని ఆమె అనుకుంటుంది, తర్వాతి మాట దాన్నిబట్టే ఉంటుంది. దారి కోసం ఒక చేతిలో కాగితం మ్యాపు, ఇంకో చేతిలో దిక్సూచి. దారిలో సామాను పెట్టెలుంటాయి, అన్నిటి తాళం కోడూ 1234. తెరిస్తే ఎవరెవరో వదిలిన చీటీలు, మీ మ్యాపులోకి ఎక్కించుకోవాల్సిన కొత్త దారులు. అంటే కాళ్లు నడుస్తున్నంతసేపూ కన్నూ చెవీ మనసూ మూడూ పనిలోనే ఉన్నాయి. అందుకే ఆ అడవి మీకు ఖాళీగా అనిపించలేదు.

డియర్ ఎస్తర్‌లో చేయించింది నడవడం, చూడడం. అంతే. తలుపు తీసే బటన్ కూడా ఉండదు. పరుగు లేదు, దూకడం లేదు. స్కాట్లాండ్ పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల్లో ఒక పేరులేని దీవి. గాలి, రాళ్లు, దూరంగా కొండ మీద ఎర్రగా వెలిగి ఆరే దీపం. కొంతదూరం నడిచాక ఒక మగ గొంతు ఎస్తర్ అనే ఆమెకు రాసిన ఉత్తరాల్లోంచి ముక్కలు చదువుతుంది. చాలా చోట్ల ఏ ముక్క వినిపించాలో కంప్యూటర్ అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. కాబట్టి మీరు విన్నదీ నేను విన్నదీ ఒకటే కాకపోవచ్చు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. మీ జవాబు కోసం ఎవరూ ఎదురుచూడరు. కొందరు ఆటగాళ్లకి సరిగ్గా ఇదే ప్రాణం. ఒంటరిగా తిరగాలి, సంగీతం వినాలి, గుహ గోడల మీద వెలుగు చూడాలి, కథని తలలో తామే అతుక్కోవాలి. మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే మీకు కావలసింది మనిషి. మీరు ఒక మాటంటే అవతల ఎవరో నొచ్చుకోవాలి, నవ్వాలి, లేదా మౌనంగా ఉండిపోవాలి. ఇది చిన్న విషయం కాదు. ఇకమీదట ఏ గేమ్ కొనాలో తేల్చుకోవడానికి మీకు పనికొచ్చే విషయం.

ఇంకో సంగతి ఉంది, మన దగ్గర దీన్ని ఎవరూ పైకి అనరు. ఇంగ్లీషు. ఫైర్‌వాచ్‌లో ఉన్నది ఇద్దరు మనుషులు జోకులేసుకుంటూ, ఎత్తిపొడుచుకుంటూ మాట్లాడుకునే ఇంగ్లీషు. మనం సినిమాల్లో, సిరీసుల్లో విని విని అలవాటైనది. డియర్ ఎస్తర్‌లో ఉన్నది కవిత్వం లాంటి వచనం. బైబిల్ ప్రస్తావనలు, జబ్బుల సంగతులు, రాళ్ల సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వస్తాయి. వాక్యం అర్థమయ్యేలోపు గొంతు ఆగిపోతుంది. మళ్లీ వినిపించమనే వీలు లేదు. ఆఫీసులో లెక్కలు చూసి వచ్చి, రాత్రి పదకొండింటికి, ఆ బ్రిటిష్ యాసలో ఆ వాక్యాలు వింటే నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? మీ నిద్రకు సగం కారణం ఇదేనని నా నమ్మకం. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకుని, బుర్ర తేలిగ్గా ఉన్న ఆదివారం పొద్దున ఇంకొక్కసారి మొదలుపెట్టి చూడండి. కన్నుతో చదువుతూ వింటే ఆ వాక్యాల్లో అందం తెలుస్తుంది. అప్పుడూ పట్టుకోకపోతే తీసేయండి. ‘నాకు నచ్చలేదు’ అని నలుగురిలో చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

ఈ గేముల్ని ఇష్టపడే మావాళ్లలో ఒక జబ్బు ఉంది. ఏది నెమ్మదిగా ఉంటే అది లోతైనదని అనేస్తారు. ఎవరైనా బోర్ కొట్టిందంటే ‘నీకు ఓపిక లేదు, నువ్వు గన్‌లకి అలవాటు పడిపోయావు’ అని వాళ్ల మీదే తోసేస్తారు. నాకిది అస్సలు నచ్చదు. ఆటగాడి దగ్గర ఓపిక అడిగే హక్కు గేమ్‌కి ఉంది, కానీ ఆ ఓపికకి తగ్గది ఏదో ఒకటి చూపించాల్సిన బాధ్యతా గేమ్‌దే.

2015లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఎవ్రీబడీస్ గాన్ టు ది రాప్చర్ చూడండి. డియర్ ఎస్తర్ చేసిన చైనీస్ రూమ్ స్టూడియోదే. 1984, ఇంగ్లాండ్‌లో ఒక పల్లెటూరు, ఊళ్లో ఒక్క మనిషి లేడు. తలుపులు తీసి ఉన్నాయి, సామాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వెలుగు ముద్దలు మాత్రం అక్కడ బతికినవాళ్ల మాటల్ని వినిపిస్తూ తిరుగుతుంటాయి. సంగీతం అద్భుతం. ఆ మరుసటి ఏడాది, బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టాల్లో సంగీతానికి, శబ్దానికి, నటనకి కలిపి మూడు అవార్డులు తీసుకుంది. అయినా చాలామంది ఆటగాళ్లది ఒకటే గోల: నడక మరీ నత్తనడక. దూరంగా ఒక ఇల్లు కనిపిస్తుంది, అంత దూరమూ ఈడ్చుకుంటూ వెళ్తే తలుపు తెరుచుకోదు, మళ్లీ అంత దూరమూ వెనక్కి. ఆ గోల చూసి స్టూడియోవాళ్లు విడుదలయ్యాక అసలు సంగతి చెప్పారు: కంట్రోలర్ మీద ఆర్2 బటన్ నొక్కి పట్టుకుంటే నడక కొద్దికొద్దిగా వేగం అందుకుంటుందట. ఆ ముక్క గేమ్‌లో ఎక్కడా రాయలేదు! అలాంటప్పుడు విసుక్కున్నవాళ్లకి ఓపిక లేదని ఎలా అంటాం? ఆ గేమ్ సంగీతం నాకు ఇప్పటికీ ఇష్టం, ఆ నడక మాత్రం ఇప్పటికీ కష్టమే.

నెమ్మదిని సరిగ్గా వాడుకున్న గేమ్ ఏదంటే నేను ముందు వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్ పేరు చెప్తాను. 2017లో వచ్చింది. ఒక పాత ఇల్లు, అందులో తరతరాలుగా చనిపోయినవాళ్ల గదులు. ఒక్కో గదిలో ఒక్కొక్కరి చివరి కథ. కథ మొత్తం చెప్పి మీ సరదా చెడగొట్టను కానీ, లూయిస్ అనే అబ్బాయి భాగం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. అతను చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మీ ఒక చేతికి చేప వస్తుంది. దాన్ని కత్తి కిందకి జరపాలి, తల తెగుతుంది, మొండాన్ని ముందుకి తోసేయాలి, ఇంకో చేప వస్తుంది. జరపాలి, తెగుతుంది, తోయాలి. ఇదే పని, ఆగకుండా. ఇంతలో లూయిస్ ఊహ మొదలవుతుంది. తెరలో ఒక మూల చిన్న బొమ్మ మనిషి. వాణ్ని మీరు రెండో చేత్తో నడిపించాలి. మొదట్లో రెండు చేతులూ తికమక పడతాయి. కాసేపటికి చేప కోసే చెయ్యి దానంతటదే పోతుంటుంది, మీ ధ్యాసంతా ఊహలోకి వెళ్లిపోతుంది. ఆ బొమ్మ లోకం పెద్దదై పెద్దదై తెరంతా పరుచుకుంటుంది, ఫ్యాక్టరీ కనుమరుగవుతుంది. చేప కోసే పని మాత్రం ఆగదు. మీ చెయ్యి కోస్తూనే ఉంటుంది.

పొద్దుగూకులూ ఒకే పని చేసే మనిషి లోపల ఏం జరుగుతుందో ఎవరూ మీకు చెప్పలేదు. మీ చేతులకే తెలిసింది. గుంటూరు మిర్చి యార్డులో కాయల తొడిమలు తీసే ఆడవాళ్లని చూసినవాళ్లకి ఆ సీన్ గుండెల్లో దిగుతుంది. పుస్తకం చదివితే ఆ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది, సినిమా చూస్తే కళ్లకి కడుతుంది. కానీ పని చేస్తూ చేస్తూ దాన్ని మర్చిపోవడం ఎలా ఉంటుందో అనుభవంలోకి రావాలంటే ఆ బటన్లు మీ వేళ్ల కిందే ఉండాలి. 2018 బాఫ్టాల్లో బెస్ట్ గేమ్ అవార్డు దీనికే వచ్చింది. పోటీలో జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, సూపర్ మారియో ఒడిస్సీ లాంటి మహామహులున్నారు. అవార్డు వచ్చింది కాబట్టి మీ ఫ్రెండ్స్ ఒప్పుకోవాలని కాదు. ‘అది గేమే కాదు’ అనే మాట ఈ సీన్ ముందు ఎందుకు నిలవదో ఒకసారి వాళ్ల చేత ఆడించి చూడమంటున్నాను.

గాన్ హోమ్ ఇంకో రకం. 1995 జూన్, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, రాత్రి, వాన. విదేశాల నుంచి ఇంటికొచ్చిన పెద్దమ్మాయి మీరు. తలుపు మీద చెల్లెలు అంటించిన చీటీ, ఇంట్లో ఎవరూ లేరు. చేయాల్సిందల్లా సొరుగులు తీయడం, కాగితాలు చదవడం, వస్తువుల్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూడడం. నాన్న ఏం దాచుకున్నాడు, అమ్మకి ఏం తోచడం లేదు, చెల్లెలు ఎవరితో తిరుగుతోంది, అన్నీ వస్తువులే చెప్తాయి. నాకు అన్నిటికంటే నచ్చింది చాలా చిన్న ఏర్పాటు: చేతిలోకి తీసుకున్న వస్తువుని విసిరేయకుండా, ఎక్కడిదక్కడ తిరిగి పెట్టే ఆప్షన్ ఉంటుంది. ఎవరూ చూడటం లేదు, పాయింట్లు రావు. అయినా ఆడేవాళ్లలో చాలామంది జాగ్రత్తగా తిరిగి పెడతారు, అది మన ఇల్లే అన్నట్టు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తీశాక సింగ్‌నగర్‌లో ఇళ్లు కడుక్కున్న కుటుంబాలకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు. తడిసిన పెళ్లి ఆల్బమ్, బురద పట్టిన పిల్లాడి సర్టిఫికెట్లు, ఎప్పుడో మర్చిపోయిన ఉత్తరాల కట్ట ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే ఆ ఇంటి కథంతా వరండాలో ఎండబెట్టినట్టే ఉంటుంది. గాన్ హోమ్ ఆ పద్ధతిలోనే కథ చెప్తుంది. సొరుగు తీయకపోతే అందులోని కథ మీకు లేనట్టే. తీయాలా వద్దా, ఏది ముందు తీయాలి అన్నది మీ ఇష్టం. ఆడడం అంటే అదే కదా.

గెలుపు ఓటములు లేకపోతే ఆటేంటి అనే ప్రశ్నకి మీ బీజీఎంఐలోంచే జవాబు చెప్పొచ్చు. ఎరాంగెల్ మ్యాపులో దిగి, గన్నూ వెస్టూ ఏరుకున్నాక ఏం చేస్తారు? చాలా మ్యాచుల్లో పది నిమిషాల పాటు ఒక్క మనిషీ కనిపించడు. గడ్డిలో నడుస్తుంటారు, హెడ్‌ఫోన్స్‌లో అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కిస్తుంటారు. కిటికీ పగిలి ఉందా, తలుపు ఎవరైనా తీశారా అని చూస్తుంటారు. ఆ పది నిమిషాలూ బోర్ కొట్టదు, ఎందుకంటే ఎక్కడి నుంచి బుల్లెట్ వస్తుందో అన్న భయం మీ ధ్యాసని పట్టి ఉంచుతుంది. మీకు నచ్చిన గేముల్లో భయం చేసే పనిని కుతూహలం చేస్తుంది. తలుపు తీసి ఉందంటే ఇక్కడ కూడా ఆగి చూస్తాం, ఎవరు తీశారో తెలుసుకోవాలని. కాబట్టి నెమ్మది మీ ఫ్రెండ్స్‌కి కొత్తేమీ కాదు. చచ్చిపోతామన్న భయం లేకుండా నెమ్మదిగా ఉండడమే కొత్త. అది కొందరికి పడదు. పడకపోతే పోనివ్వండి, వాళ్లతో బీజీఎంఐ ఆడుకోండి, అదీ మంచి గేమే.

అసలు ఈ గేములు పుట్టింది గన్ గేముల కడుపులోనే. డియర్ ఎస్తర్ మొదట 2008లో హాఫ్‌లైఫ్ 2 అనే గన్ గేమ్ ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ఉచిత మోడ్‌గా, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసినదిగా వచ్చింది. ఇంగ్లాండ్‌లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో డాన్ పించ్‌బెక్ చేసిన పరిశోధనలో భాగం అది. పాత్ర కళ్లతోనే అంతా చూపించే ఫస్ట్ పర్సన్ గేమ్‌లోంచి కాల్పులు తీసేస్తే ఏం మిగులుతుంది, ఆ మిగిలినదానితో కథ నిలబడుతుందా అన్నది ఆయన ప్రశ్న. 2012 ఫిబ్రవరిలో దాన్నే మెరుగుపరిచి అమ్మకానికి పెడితే ఒక్క రోజు తిరక్కుండానే 16,000కి పైగా కాపీలు పోయాయి. గాన్ హోమ్ చేసిన స్టూడియో స్థాపకులు అంతకుముందు బయోషాక్ 2కి మినర్వాస్ డెన్ అనే అదనపు భాగం చేసినవాళ్లు. అంటే గన్ గేమ్ ఎలా తయారవుతుందో లోపలి నుంచి తెలిసినవాళ్లే. వాళ్ల గేముల్లోనూ శత్రువులు రాని గదుల్లో గోడల మీది రాతలు, బల్ల మీది కాగితాలు ఉండేవి. ఆ గదుల్నే అసలు గేమ్ చేస్తే ఎలా ఉంటుందని అడిగి చూశారు. పైగా శత్రువుల తెలివితేటలు, కాల్పులు, వందల యానిమేషన్లు తయారుచేయడానికి పెద్ద టీమ్ కావాలి. నలుగురైదుగురు అద్దె ఇంట్లో కూర్చుని చేసే గేమ్‌కి అంత స్తోమత ఉండదు. కథ, గది, గొంతు మాత్రం ఉంటాయి.

డబ్బుల సంగతికొద్దాం, ఇక్కడ మీ ఫ్రెండ్స్ మాటలో కొంత న్యాయం ఉంది. మన జీతాలకి డాలర్ల లెక్కలో పెట్టిన ధర బరువే. అమెరికాలో కూడా 2013లో గాన్ హోమ్ 20 డాలర్లకి వచ్చినప్పుడు రెండు మూడు గంటల గేమ్‌కి ఇంతా అని గొడవ చేశారు. ‘రూపాయికి ఎన్ని గంటలు’ అనే లెక్క నాకు నచ్చదు. ఆ లెక్కన వంద గంటలు సాగదీసిన ప్రతి గేమూ మంచిదైపోవాలి. కానీ జేబు చూసుకోవద్దని ఎవరికీ చెప్పలేను. ఇలాంటివి సేల్‌లోనే కొనండి. గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. వేసవి, శీతాకాలం సేల్స్‌లో పాత గేములు బాగా తగ్గుతాయి.

డియర్ ఎస్తర్ స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకపోతే రిఫండ్ అడిగే హక్కు మీకుంది. రెండు గంటల లోపే ఆడి ఉండాలన్నది రెండో షరతు, మీరు ఆడింది అరగంటే. సేల్‌లో కొన్నా ఇదే పద్ధతి. నచ్చకపోతే నిస్సంకోచంగా అడగండి. అయితే ఒక్క విన్నపం. చివరిదాకా ఆడి, బాగుందనుకుని, రెండు గంటలు నిండలేదు కదా అని రిఫండ్ పెట్టేవాళ్లున్నారు. అది మాత్రం ఎప్పుడూ చేయకండి. 2021 ఆగస్టులో సమ్మర్ ఆఫ్ 58 అనే చిన్న హారర్ గేమ్ చేసిన డెవలపర్ ఇలాంటి రిఫండ్ల దెబ్బకే గేములు చేయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. గేమ్ రెండు గంటల లోపు అయిపోతుంది, ఆడినవాళ్లు రివ్యూలు బాగానే రాశారు, డబ్బులు మాత్రం వెనక్కి తీసేసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. చిన్న గేములు బతకాలంటే ఆడి ఆనందించినవాళ్లు డబ్బు ఇవ్వాలి, ఇంకో దారి లేదు.

ఆడే పద్ధతి గురించి రెండు ముక్కలు. ఇలాంటి గేమ్‌ని బీజీఎంఐ మ్యాచ్ అవ్వగానే మొదలుపెట్టకండి. వేళ్లు ఇంకా అదే వేగంలో ఉంటాయి. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఎందుకంటే వీటిలో సగం కథ శబ్దంలో ఉంటుంది, మన వీధుల్లో ఆటోల హారన్ల మధ్య అది వినపడదు. మే నెల బెజవాడ ఎండలో లాప్‌టాప్ వేడెక్కి ఫ్యాను రొద పెడుతుంటే కూడా అదే ఇబ్బంది, కాబట్టి ఎండెక్కకముందో, అలసట లేని రోజు రాత్రి పది దాటాకో పెట్టుకోండి. ఈడిత్ ఫించ్ లాంటిది ఒకే రాత్రి కూర్చుని పూర్తి చేయగలిగితేనే దాని పట్టు తెలుస్తుంది. కళ్లు తిరగడం, వికారం అనిపిస్తే మానేయకుండా సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. నడుస్తుంటే తల ఊగే ఎఫెక్టు, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఆపే వీలుంటే ఆపేయండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెరలో ఒకేసారి కనిపించే మేర) కాస్త పెంచండి. చాలామంది ‘నాకు ఈ గేములు పడవు’ అనుకోవడానికి అసలు కారణం ఇదే, కథ కాదు.

ఇక మీ తమ్ముడు. ఇంటర్ కుర్రాడికి ఫైర్‌వాచ్ మొదలు నచ్చకపోవడంలో వింతేముంది! అది మొదలయ్యేదే చదువుకోవాల్సిన అక్షరాలతో, మధ్యవయసు మనిషి కష్టంతో, భార్య జబ్బుతో. ఆ బరువు మీకు పట్టుకుంది, వాడికి ఇంకా పట్టదు. వాడికి నవ్వించేది కావాలి, పోట్లాడేది కావాలి. ది స్టాన్లీ పారబుల్ పెట్టండి. స్టాన్లీ ఒక ఆఫీసు ఉద్యోగి, నంబరు 427. ఒకరోజు ఆఫీసులో ఎవరూ ఉండరు. నడుచుకుంటూ వెళ్తే రెండు తలుపులు వస్తాయి. కథ చెప్పే గొంతు ‘స్టాన్లీ ఎడమ తలుపులోంచి వెళ్లాడు’ అంటుంది. మీ తమ్ముడు గ్యారంటీగా కుడి తలుపులోకి వెళ్తాడు. అక్కడి నుంచి ఆ గొంతుకీ వాడికీ యుద్ధం. బతిమాలుతుంది, తిడుతుంది, అలుగుతుంది. గన్ ఒక్కటీ ఉండదు, అయినా వాడు లేవడు.

వాడి పక్కన మీరు కూర్చోవడం ఇంకా మంచిది. మౌస్ వాడి చేతికే ఇవ్వండి, ‘ఇటు వెళ్లరా, అది చూడరా’ అనకండి. ఎక్కడ ఆగాలో వాణ్నే తేల్చుకోనివ్వండి. అందులో ఆటంతా అదే, దాన్ని మీరు లాగేసుకుంటే వాడికి మిగిలేది నడకే.

ఇంట్లో అమ్మగారు కూడా వచ్చి కూర్చునేది కావాలంటే వెన్బా అనే గేమ్ ఉంది, 2023లో వచ్చింది. కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం కథ. తిరిగి చూసే చోట్లు పెద్దగా లేవు, వంటే ఆట. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో కాగితాలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మిగతాది మనం ఊహించి వండాలి. మొదటి వంటే ఇడ్లీ. రేకులు ఏ వరసలో పేర్చాలో తేల్చుకోవాలి. దేశం బయటివాళ్లు అక్కడ బుర్ర గోక్కున్నారు, మీ అమ్మగారు మాత్రం వెనక నుంచే చెప్పేస్తారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. 2024 బాఫ్టాల్లో తొలి గేమ్‌కి ఇచ్చే అవార్డు దీనికే దక్కింది. ఆ పిల్లాడు పెరిగి తల్లి వంటకి దూరమయ్యే భాగం దగ్గర ఆవిడ ఏమంటారో వినండి. ఈ గేములు మన ఇళ్లకి ఎంత దగ్గరగా రాగలవో మీకే తెలుస్తుంది. మన తెలుగు ఇంటి కథతో ఇలాంటిది ఎవరైనా చేయాలని నేను ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నాను. యూనిటీ, అన్‌రియల్ లాంటి ఇంజిన్లు నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ పని చేయగల పిల్లలు లేరంటే నేను నమ్మను.

మీ తమ్ముడి విషయంలో ముందు డబ్బులేమీ పెట్టకండి. స్టాన్లీ పారబుల్‌కి స్టీమ్‌లో ఉచిత డెమో ఉంది. అసలు గేమ్‌లోంచి కోసి ఇచ్చింది కాదు, డెమో కోసమే విడిగా తయారుచేసింది, కాబట్టి తర్వాత గేమ్ కొన్నా ఏదీ రెండోసారి చూసినట్టు ఉండదు. ఈ ఆదివారం అది వేసి చూపించండి. వాడు రెండోసారి పెట్టమని అడిగితే సేల్ దాకా ఆగి కొనండి. అడగకపోతే వదిలేయండి, వాడికింకా బోలెడు టైముంది.